మా పెద్దమ్మ తమరిని దొంగ అనుకున్న విషయమై

ప్రవేశాల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సైబర్ భద్రత కోర్సులో నాకు వచ్చిన సీటు, సైబర్ భద్రత మూలంగానే పోకుండా కాపాడవలసిందిగా విన్నపం.

నా సంరక్షకురాలు మా పెద్దమ్మ. ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఆమె సమ్మతి కోసం తమరు ఫోను చేయగా, ఆమె తమరిని తిట్టి పెట్టేసినందున, "సంరక్షకురాలు సహకరించలేదు" అని నా దరఖాస్తుపై నమోదైనది. శుక్రవారం సాయంత్రంలోగా సమ్మతి అందకపోతే సీటు మరొకరికి పోతుంది. కావున ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. తప్పు పెద్దమ్మది కాదు. పాఠం చెప్పింది నేను. ఒకప్పుడు దొంగ కంప్యూటరు తాళం పగలగొట్టి దూరేవాడని, ఇప్పుడు తాళాలు గట్టిపడ్డాయి గనుక తలుపు తట్టి మనచేతనే తీయించుకుంటున్నాడని చదివి, ఆ ఉత్సాహంలో ఇంటిల్లిపాదికీ బోధించాను. ఓటీపీ అడిగేవాడు దొంగ, తొందరపెట్టేవాడు ఇంకా పెద్ద దొంగ అన్నాను. తమరు ఫోను చేసి ఆ రెండూ చేశారు.

2. పెద్దమ్మ గర్వంగా చెప్పిన ప్రకారం సంభాషణ ఇది:

"అమ్మా, నేను కాలేజీ నుంచి, అడ్మిషన్ల ఆఫీసర్ని."

"నిన్నటివాడు బ్యాంకు మేనేజరన్నాడు. నువ్వు ఒక మెట్టు దిగావు."

"మీ ఫోనుకి ఒక నంబరు వచ్చింది. త్వరగా చదవండమ్మా, లేకపోతే మీ అమ్మాయి సీటు పోతుంది."

"వచ్చేశావూ అసలు మాటకి! గొంతు ఇంత బాగుంది, ఏ పాటలో పాడుకుని బతకరాదూ?"

తరువాతి మాటలు అర్జీలో రాయదగినవి కావు.

3. దరఖాస్తుపై ఆ నమోదు చూసిన వెంటనే నేను లైబ్రరీ నుంచి ఆమెకు ఫోను చేశాను. "పెద్దమ్మా, నేనే. ఆయన నిజం ఆఫీసరే!"

"గొంతులు కూడా తయారుచేస్తారని మా పిల్ల చెప్పింది. ముందు ఇంటి మాట చెప్పు."

ఇంటి మాట అనగా, ఫోనులో ఉన్నది మనవాళ్ళేనని తెలియడానికి మేము పెట్టుకున్న రహస్యపు మాట. దాన్ని వారం వారం మార్చాలని పట్టుబట్టింది నేనే. ఈ వారం మాట నాకు తట్టలేదు. పాతవి రెండు చెప్పి చూశాను. "మా పిల్లకి ఇంత మతిమరుపు లేదు," అని నా నంబరు కూడా బ్లాక్ చేసింది.

4. ఇంటికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "నువ్వు నువ్వేనే, కాదన్నానా? నిన్ను వాడు బుట్టలో వేసుకోలేదని ఏమిటి నమ్మకం? మోసపోయేవాళ్ళకి మోసపోతున్నట్టు తెలీదని నువ్వేగా చెప్పావు," అంది. దీనికి నా వద్ద సమాధానం లేదు. ఈ రంగంలో పెద్దల వద్ద కూడా ఉన్నట్టు కనబడదు.

5. పోనీ ఆమెను వెంటబెట్టుకు వద్దామంటే, విద్యార్థుల వివరాలు బయటకు పొక్కినప్పటి నుంచి తమ కౌంటరు మూసివేసి ఉన్నది. లోపలికి రావాలన్నా సంరక్షకురాలి ఫోనుకు వచ్చే నంబరే చూపాలట. ఆ నంబరు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ చెరిపేస్తోంది. అందుకే ఈ అర్జీని వాచ్‌మన్ చేతికిస్తున్నాను.

అయ్యా, తమరిని తప్పుపట్టడం లేదు. కానీ దొంగ మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడడం నేర్చుకున్నాడు. అసలువారేమో తొందరపెట్టి, సీటు పోతుందని భయపెట్టి, నంబరు అడుగుతున్నారు. ఎవరు ఎవరో బట్టలు కుట్టుకునే మనిషి ఎలా పోల్చుకోవాలి? "ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు" అన్నచోట నేను దరఖాస్తులో ఏవేవో గొప్ప మాటలు రాశాను. అవి కొట్టివేయగలరు. పెద్దమ్మ అడిగినదానికి జవాబు వెతకాలని ఉంది. అందుకే నాకు ఈ సీటు కావాలి. నిజంగా కావాలి.

కావున శుక్రవారంలోగా కాసేపు ఆ కౌంటరు తెరిపించి, మా పెద్దమ్మ సమ్మతిని సంతకం రూపంలో స్వీకరించ ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సీటు ఇంకా పోని దరఖాస్తుదారు

తా.క.: ఇది పెద్దమ్మకు చదివి వినిపించాను. వస్తానంది. తన గుర్తింపు కార్డు తెస్తుంది, తమరు కూడా తమది చూపించాలట. "నిజం ఆఫీసరైతే తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని రాయి. దొంగైతే మాత్రం ఒక్క తిట్టు కూడా వెనక్కి తీసుకోనని రాయి," అంది. రెండూ రాశాను.