పట్టుచీరల బీరువాలో తేనెపట్లు

యాప్రాల్,
12-3-2006

ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు రిటైర్డు హెడ్ క్లర్కు వేమూరి గోపాలరావు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా తేనెను మరల పరీక్షించుట, ఈసారి నాకకుండా పరీక్షించుట గురించి.

1. షామీర్‌పేటలో జంగమ్మ చెలకలో ఆమె, నేను కలిసి తేనెటీగల పెట్టెలు పెంచుచున్నాము. కిందటేడు తేనె తీసిన ఖాళీ పట్లను పురుగు పట్టకుండా దాచమని ఇంట్లో ఇచ్చితిని. నా భార్య కామేశ్వరమ్మ వాటిని పట్టుచీరల బీరువాలో పెట్టి, చీరలకు వేసినట్లే కలరా ఉండలు వేసినది. ఆ పట్లనే తిరిగి పెట్టెల్లో అమర్చితిమి. మైనం ఆ మందును పీల్చుకొని కొత్త తేనెకు అంటించినదని ప్రయోగశాల వారు తేల్చిరి. వారి తప్పేమీ లేదు. ఆ తేనె పారబోసితిమి. కామేశ్వరమ్మ మాత్రం "పురుగు పట్టలేదు కదండీ" అంటున్నది.

2. ఆ పట్లన్నీ తీసివేయగా ఈగలు మళ్లీ కొత్తవి కట్టినవి. ఈ తేనె పరీక్షలో నెగ్గనిచో ఉగాదిలోగా పెట్టెలు ఎత్తివేయవలెనని తమ నోటీసు. కావున ఒక సీసా సమర్పించితిని. అది తమ ఆఫీసులోనే తలా ఒక వేలు ముంచి నాకుటకు సరిపోయి ప్రయోగశాలకు చేరలేదు. రెండవ సీసాను తమ సిబ్బందిలో ఒకరు దగ్గుకు మంచిదని ఇంటికి తీసుకుపోయిరి. దగ్గు తగ్గినదట. దానిని పరీక్షా ఫలితముగా పరిగణించుటకు నిబంధనలు ఒప్పుకొనవని వారే సెలవిచ్చిరి.

3. మూడవ సీసాను ఎవరూ ముట్టకుండా "కలరా ఉండలు కలిసినది" అని చీటీ అంటించితిని. అది భద్రముగా చేరినది. కల్తీ అని చీటీయే చెప్పుచున్నందున పరీక్ష అనవసరమని జవాబు వచ్చినది.

అయ్యా, ఇక ఆఫీసు భాష నాకు రావడం లేదు. జంగమ్మకు ఆ పెట్టెలు తప్ప వేరే ఆధారం లేదు. నిన్న వాటి పక్కన కూర్చుని, "అమ్మగారి చీరలకు ఏం గాలె సారూ, నా బతుకే ఆగమైంది" అన్నది. తప్పు మా ఇంటిది, శిక్ష ఆమెకు. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

కావున తమరు చిత్తగించి, తమ కళ్లెదుటే సీలు వేయించి, మా తేనెను ప్రయోగశాలకు పంపించ ప్రార్థన.

తమ విధేయుడు,
గోపాలరావు

తా.క.: అర్జీ చదివి వినిపిస్తే జంగమ్మ, "గీ శీషల ముచ్చట ఇడువు సారూ. ఈగలున్న పెట్టెనే వట్టుకపోత. అండ్లకెల్లి ఎవడు నాకుతడో సూస్త" అని పెట్టెతో సహా ఆటో ఎక్కింది. ఈ కాగితం ఆమె చేతికే ఇచ్చాను. తమరు ఇది చదువుతున్నారంటే ఆమె తమ ఎదుటే నిలబడి ఉంటుంది. పెట్టె మూత కొంచెం వదులు. దారంతా గతుకులు. ముందు ఫ్యాను ఆపించండి. చేతులు మాత్రం ఊపకండి.