మా చర్చి అంతా ఆమెన్ అంది

2 నవంబర్ 2012, శుక్రవారం

అయిపోయింది. తన్వీర్‌కి గౌసియాతో పెళ్లి ఖాయం చేశారట. గౌసియా నా క్లాసే, ఇంటర్ సెకండియర్, నా వెనక బెంచీ. తన్వీర్ వాళ్లమ్మ బాను బీ మాటిచ్చేసిందట. నేనేం చెయ్యాలె లిదియా, అమ్మ పరేషాన్ అయితది అన్నాడు. ఏడు నెలలు నాతో ఫోన్ మాట్లాడినప్పుడు అమ్మ గుర్తుకు రాలేదు పెద్దమనిషికి.

బస్టాండ్ దగ్గర సెల్ షాప్‌లో పనిచేస్తాడు కదా, నాకో సిమ్ ఇచ్చాడు. ఇవాళ అది వాపస్ ఇయ్యి అన్నాడు. ఎవరికన్నా దొరికితే ఇద్దరికీ బద్నామట. ఫోన్ వెనక మూత తీసి, గోరుతో సిమ్ లాగి ఇచ్చేశాను. థాంక్స్ కూడా చెప్పాను. థాంక్స్! నా మొహానికి.

4 నవంబర్, ఆదివారం, మధ్యాహ్నం 1

చర్చిలో గుమ్మం పక్కన ప్రార్థన విన్నపాల డబ్బా ఉంటుంది. చీటీ మీద పేరు రాయక్కర్లేదు. పాస్టర్ ప్రేమదాసు అయ్య ఒక్కొక్కటీ చదువుతాడు, అందరం కళ్లు మూసుకుని ప్రార్థిస్తాం. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి బోరులో నీళ్లు. నేను ఎడమచేత్తో రాసి వేశాను, రాత గుర్తుపట్టకుండా. ‘ప్రభువా, ఒక ఆడపిల్లను మోసం చేసిన యువకుడి దారి మూసెయ్యి. ఆ పెళ్లి జరగకూడదు.’

అయ్య చదివి, ఆ యువకుడిని నువ్వే ఆపు తండ్రీ అన్నాడు. చర్చి అంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా మా అమ్మ. పాపం ఎవరి బిడ్డనో అని కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది.

నాకు నవ్వొచ్చింది. హాయిగా ఉంది. ఇక్కడైనా నిజం రాయాలి కదా, చాలా హాయిగా ఉంది.

8 నవంబర్, గురువారం

సిర్గాపూర్ రోడ్డు మీద లారీ గుద్ది తన్వీర్ చనిపోయాడు.

9 నవంబర్

జుమ్మా నమాజ్ తర్వాత మట్టి ఇచ్చారు. మా డాబా మీద నుంచి చూశాను. మొగవాళ్లు భుజాలు మార్చుకుంటూ చాలా వేగంగా నడిచారు. ఎందుకంత తొందర?

కడుపునొప్పి అని చెప్పి పడుకున్నాను. అమ్మ వాము నలిపి తెచ్చింది. దుప్పటి కిందే ఏడ్చాను. గౌసియా ఇంటికి మా క్లాసంతా వెళ్లిందట, ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని ఓదార్చారట. దాని మీద కుళ్లు పుట్టింది నాకు. చచ్చినవాడి కోసం ఏడవడంలో కూడా కుళ్లే. ఛీ.

11 నవంబర్, ఆదివారం

ప్రార్థనకు జవాబు వచ్చినోళ్లు లేచి సాక్ష్యం చెప్పున్రి అన్నాడు అయ్య. ప్రతి ఆదివారం అనేదే. బోరులో నీళ్లు పడ్డాయని ఒకాయన లేచాడు. ఇంకెవరన్నా ఉన్నరా అని అడిగాడు. నేను కాలి వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. చెమటకి డ్రెస్ వీపుకి అంటుకుపోయింది.

19 నవంబర్

చనిపోయినవాళ్ల కోసం చీటీ వెయ్యొచ్చా అని అయ్యను అడిగాను. మనలో అది లేదమ్మా, ఏం చేసినా బతికున్నప్పుడే అన్నాడు. మరి మనవాళ్లు కానివాళ్లు ఎక్కడికి పోతారు అన్నాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. గది దేవుడు చూసుకుంటడు, నువ్వు పరీక్షలు చూస్కో పో అన్నాడు.

వాడు ఎక్కడున్నాడన్నది ఒక బాధ. అక్కడ అన్నీ తెలిసిపోతాయంటారే, అదింకో బాధ. ఆ చీటీ ఎవరు రాశారో వాడికి చెప్పేసి ఉంటారా? ఎడమచేత్తో రాస్తే అక్కడ గుర్తుపట్టరా?

3 డిసెంబర్

తన్వీర్ పోయిన రోజు నుంచి ప్రార్థన చెయ్యలేదు. భోజనం ముందు కూడా పెదాలు ఊరికే కదుపుతున్నాను. అడగాలంటే భయం. ఇచ్చేస్తాడేమో.

17 డిసెంబర్, సోమవారం

తన్వీర్ నలభయ్యో రోజు. బాను బీ మా ఇంటికీ బగారన్నం పంపింది. మా పక్క గల్లీయే, అమ్మ జాకెట్లు ఆమే కుడుతుంది. ఖాళీ గిన్నె ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది.

ఆమె మిషన్ దగ్గర ఒక్కతే ఉంది. తన్వీర్ కోసం దువా చెయ్యి బిడ్డా, చిన్నపిల్లల మాట అల్లా ఇంటడు అంది. అంతే, నాకు ఆగలేదు. అన్నీ చెప్పేశాను. ఫోన్లు, చీటీ, ఆమెన్, అన్నీ.

ఆమె మిషన్ ఆపలేదు. కుట్టు చివరిదాకా వెళ్లి, దారం కొరికి, అప్పుడు నన్ను చూసింది. నువ్వు అడిగితే అల్లా నా కొడుకుని తీస్కపోతడా, గంత పెద్దదానివా నువ్వు అంది. కాళ్ల మీద పడబోయాను. వెనక్కి జరిగింది. మీ అమ్మకు ఎరుకేనా అంది. లేదన్నాను. గట్లయితే మీ అమ్మను ఏమనను, నువ్వు మాత్రం ఇగ నా గడప తొక్కకు, గిన్నె ఆడ పెట్టి పో అంది.

పెట్టి వచ్చేశాను.

18 డిసెంబర్

క్రిస్మస్ జాకెట్ ముక్క బాను బీకి ఇచ్చి రమ్మంది అమ్మ. తలనొప్పి అన్నాను. అమ్మే వెళ్లింది. అంత దుఃఖంలో కూడా పండుగకి జల్దీ కుట్టి ఇస్తానందట, ఎంత మంచి మనిషో అని ఇంటికి వచ్చి ఒకటే పొగడ్త. నా ఊసే ఎత్తలేదట. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

30 డిసెంబర్

తన్వీర్, నీ మీద కోపం ఇంకా పోలేదు. ఈ సిగ్గులేనితనం మీ అమ్మకు కూడా చెప్పలేదు. అక్కడ నిన్ను కలవనిస్తే ముందు తిడతాను. కాళ్లు తర్వాత పట్టుకుంటాను.