సీసాలో కొసరు

జూలై 8, మంగళవారం

మళ్లీ అదే. బాబు సీసాలో పాలు చిక్కగా, గడ్డలు గడ్డలుగా. డబ్బా మీద రాసినన్ని చెంచాలు వేశాక, పైన ఇంకో అరచెంచా... అత్తయ్య పనే. అడిగితే — "కొసరు లేకుండా యాడన్నా ఇస్తారామ్మే?"

కింద మా అంగట్లో కిలో కందిపప్పు తూచాక ఒక గుప్పెడు పైన వేస్తుంది. పప్పుకి సరే. పాలు తాగే పసివాడికి పాలపొడిలో కొసరా? అదీ కవలల్లో వాడొక్కడికే. పాపకి మాత్రం కొలత ప్రకారం. నా పాలు ఇద్దరికీ చాలితే ఈ డబ్బా గోలే ఉండేది కాదు.

జూలై 9, బుధవారం

ఆయనకి చెప్పా. బస్తా దించుతూ — "మా యమ్మ మమ్మల్నందర్నీ పెంచలేదా? నువ్వు ఊరికే ఉండు." ఊరికే ఉండు! ఈ ఇంట్లో దేనికైనా నాకిచ్చే మందు ఇదే.

జూలై 10, గురువారం

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకి బస్సులో అందరం. పాప నా ఒళ్లో, బాబు అత్తయ్య ఒళ్లో... ఎప్పుడూ అంతే.

బాబు బరువు చూసి పిల్లల డాక్టరమ్మ మొహం చిట్లించింది. మొదటి ఏడాదిలో ప్రోటీన్ అవసరానికి మించితే ఇన్సులిన్, పెరుగుదల హార్మోన్లు ఎక్కువవుతాయట. బరువు గబగబా పెరుగుతుందట, ముందుముందు ఊబకాయం రావచ్చట. "ఇద్దరికీ కొలత కొలతే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు." లేచేటప్పుడు ఇంకో మాట — ఈ హార్మోన్ల మార్పు ఆడపిల్లల్లో ఇంకాస్త ఎక్కువగా ఉండొచ్చని.

అత్తయ్య బుద్ధిగా తల ఊపింది. ప్రాణం హాయిగా ఉంది ఇవాళ.

జూలై 11, శుక్రవారం

పాప రోజంతా ఏడుపే. సీసా ఖాళీ చేస్తుంది, మళ్లీ నోరు తెరుస్తుంది. పళ్లు వస్తున్నాయేమో.

జూలై 12, శనివారం

పళ్లు కాదు. పాప సీసాలో ఉన్నవి పాలు కావు, కుడితి నీళ్లు.

"ఇదేందత్తా?"

"డాక్టరమ్మ చెప్పె గదమ్మే, ఆడపిల్లకి హార్మోను ఎక్కువైతాదని. బిరీన పెద్దమనిషైతే ఆ తిప్పలు ఎవురు పడేది? అందుకే పొడి సగమే ఏస్తాండా."

"మరి బాబుకి?"

"వానికేం? మగోడు. పెరగనీ."

వాడి సీసాలో గడ్డలు అలాగే తేలుతున్నాయి. అంగట్లో బేరానికొచ్చినవాళ్లు మేడకేసి చూసేంత గట్టిగా అరిచా. ఆయన పైకొచ్చి నా మీదే విసుక్కున్నాడు — "డాక్టరు చెప్పిందే గదా చేస్తాంది?"

కాదు. కాదు. కాదు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అన్నది ఒక్కరికీ వినపడలేదు. చివరన అన్న ఆ ఒక్క మాటే వినపడింది. నిన్నంతా నా బిడ్డ ఆకలితో ఏడిస్తే, నేను వేలు పెట్టి చిగుళ్లు తడిమాను.

జూలై 13, ఆదివారం

కాన్పు సెలవు అయిపోయింది, రేపటి నుంచి మళ్లీ నంద్యాల బ్యాంకులో డ్యూటీ. సెలవు పొడిగించమంటే మేనేజరు వీలుకాదన్నాడు. పిల్లల్ని అక్కడే సంరక్షణ కేంద్రంలో పెడదామంటే ఆయన — "మా యమ్మ ఉండంగా ఊరోళ్లకి ఇస్తావా?"

అత్తయ్య రాక్షసి కాదు, అదే నా తలనొప్పి. పాపకి జ్వరమొస్తే ముందు లేచేది ఆమే. పిల్ల మేలు కోరే పస్తు పెడుతోంది. ఎలా పోట్లాడను?

మధ్యాహ్నం నేనే సరిగ్గా కలిపి పట్టా. కడుపు నిండి, నా వేలు పట్టుకుని నిద్రపోయింది పాప. అత్తయ్య పక్కన కూర్చుని పొట్ట నిమిరింది, ఎంతో ప్రేమగా.

"చూడు, పొట్ట ఎట్ల ఉబ్బిందో. రేపట్నుంచి నేను సూసుకుంటాలే. నువ్వు నిమ్మళంగా పోమ్మే."