కొరత ఉండాది

అనంతపురం,
14-5-2003

చిరంజీవి హరితకు వనజక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. తెనాలిలో నువ్వూ అమ్మగారూ క్షేమమని తలుస్తాను.

మన ఆఫీసు వదిలి, సంచి సర్దుకుని పోయినప్పటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తవు. ఉత్తరమైతే చింపేలోపు నాలుగు ముక్కలు చదవకపోతావా అని రాస్తున్నాను. ముందే చెప్తున్నా, నువ్వు తిరిగి రావాలి. ఇదంతా అందుకే.

బత్తలపల్లి దగ్గరి ఆ ఊరికి నీళ్ల ట్యాంకరు ఎందుకు పోలేదో తెలిసింది. ట్యాంకర్ల జాబితా తీసేది నీ ప్రోగ్రాము కాబట్టి తప్పు నీదేనని అశోక్ సార్ అందరి ముందూ అరిచాడు కదా. పోయిన వారం ఆయనే ఒక తనిఖీ సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. అది కోడంతా చదివి, అనుమానం వచ్చిన వరుసల మీద గుర్తు పెడుతుంది. తప్పో కాదో తేల్చాల్సింది మనమే. చాలా గుర్తులు ఉత్త చాదస్తం. ఒకటి మాత్రం నీ వరుస మీద పడింది. ‘కొరత ఉంది’ అన్న పేరులో, అంటే నీళ్లు లేని ఊళ్లను పెట్టే గడిలో, ఎవరూ ఏమీ నింపలేదట.

నీతోపాటు ప్రోగ్రాము రాసిన తేజ ఆ వరుస దండగని చెరిపేయబోయాడు. ఆగమని నేను కూర్చుని చూశాను. కొత్తగా బోరు ఎండిన ఊళ్లను తేజ తన భాగంలో ‘కొరత ఉండాది’ అన్న పేరు కింద పెట్టాడు. నువ్వు ‘కొరత ఉంది’లో వెతికావు. మా యాసలో రెండూ ఒకే మాట, కంప్యూటరుకు రెండు. నీ పేరు ఎప్పుడూ ఖాళీయే. ఖాళీ అంటే కొరత లేదని దాని లెక్క.

మరి ప్రోగ్రాము వాడకముందే బల్ల చుట్టూ కూర్చుని, హేమ దాన్ని పైకి చదువుతుంటే అందరం వరుస వరుసా విన్నామే! హేమది రాప్తాడు. నీ ‘ఉంది’ని కూడా ‘ఉండాది’ అనే చదివేసింది. మా చెవులకు ఏమీ తగల్లేదు. నువ్వొక్కదానివే ఇంకోసారి చదవమన్నావు. ఏమప్పా, యాడ చదివినా అదే ఉండాది అని తేజ అంటే అందరూ నవ్వారు.

ఇది బయటపడ్డాక సార్ ఇంకో కొసకు పోయాడు. మిషన్ ఉండాది కదమ్మా, ఇంక మనుషులు చదివేది ఎందుకు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక పేరు ఖాళీ అని మిషన్ చెప్పింది గానీ, ఆ రెండు పేర్లూ ఒకటే మాటని చెప్పలేదు సార్ అన్నాను. ముందు అది గుర్తులు పెట్టాలి, ఆ చోట్లు మనం కలిసి చదవాలి, చదివేవాళ్లలో మన యాస కొత్తగా వినబడే మనిషి ఒకరుండాలి అని పట్టుబట్టాను. జూన్ మొదటి సోమవారం నుంచి అలాగే చేద్దామన్నాడు. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకుంటానన్నాడు.

ఆ రోజు నువ్వు కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగడం నేను మరచిపోలేదు. నువ్వు లేకుండా ఆ బల్ల దగ్గర కూర్చోవడం నాకు ఇష్టంగా లేదు.

ఇట్లు,
నీ వనజక్క

తా.క. ఒక నిజం దాచాను. సార్ అంత సులువుగా ఒప్పుకోలేదు. అట్లాంటి మనిషి యాడుండాదో చూపించు, లేకుంటే మిషనొక్కటే చాలన్నాడు. హరిత వస్తానని ఒప్పుకుంది సార్ అని చెప్పేశాను. నీ పేరు బల్ల మీద అతికించారు కూడా. తిట్టాలనుంటే రైలు దిగి తిట్టు.