కాఫీ అందరికీ ఇచ్చినారా?

ఒర్లియంపేట,
పుదుచ్చేరి.

చిరంజీవి ఇలక్కియకు అన్న పట్టాభి ఆశీర్వదించి రాసేది.

ఉత్తరం క్షేమంతోనే మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు కాబట్టి, అందరం క్షేమమే. అమ్మకు బీపీ అదుపులో ఉంది. నువ్వు కోయంబత్తూరు నుంచి పంపిన చీర అందింది. ఇంకా మడత విప్పలేదు.

ఇది అమ్మ ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే వింటుంది. తెలుగు చదవడం ఆమెకు రాదు గదా. "అమ్మ రెండు మాటలకే ఫోను పెట్టేస్తోంది, నాటకంలో ఏం చేశావన్నా?" అని అడిగావు. చెబుతాను.

మన సంఘం వార్షికోత్సవానికి నేనూ, వెట్రివేలూ, దురైసామీ కలిసి ఒక హాస్యనాటకం కట్టాం. అమ్మ ప్రాణం పెట్టే ఆ పాత నలుపు తెలుపు సినిమా ఉంది చూడు, దాన్నే ఆటపట్టిస్తూ. "మీ నాయన పోయినంక నవ్వేదే మరిచిపోతిరా, నేనూ వస్తా" అని అమ్మ ముందు వరుసలో కూర్చుంది.

వెట్రివేల్ చచ్చిపోయిన మొగుడు. నేను చీర కట్టుకుని ఏడ్చే పెళ్ళాం. "దీపం ఆర్పి పోతివే, చీకటినైనా తీసుకుపోకపోతివే!" సినిమాలో ఆ పెళ్ళాం మాట అది. నాన్న పోయిన రోజు అమ్మ ఏడ్చిందీ ఆ మాటతోనే. అమ్మకు వచ్చిన ఏడుపు అదొక్కటే. గుండెలు బాదుకుంటూ ఉన్నట్టుండి ఆగి, కళ్ళు తుడుచుకుని, "కాఫీ అందరికీ ఇచ్చినారా?" అని అడిగి, మళ్ళీ విడిచిన చోటి నుంచే అందుకుంది. నవ్వొస్తుందని భయపడి ఆ రోజు మనిద్దరం మొహాలు చూసుకోలేదు, గుర్తుందా?

రిహార్సల్లో నాటకం ఉప్పులేని పప్పులా ఉంది. "ఏంది పట్టాభీ, ఇట్లయితే జనం లేచి పోతారు" అన్నాడు దురైసామి. అప్పుడు అమ్మ కాఫీ మాటను తెచ్చి నాటకంలో పెట్టాను. పాపిష్టి బుర్ర!

హాలు దద్దరిల్లిపోయింది. సగం మంది నాన్న చావుకు వచ్చినవాళ్ళే. లోగనాయకి అత్త అమ్మ భుజం చరిచి, "వదినా, ఇది నువ్వేనే!" అని పడీ పడీ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక, "పొరపాటున నోట్లోంచి వచ్చేసిందమ్మా" అన్నాను. "పోనీరా, జనం నవ్వినారు గదా" అంది.

అది పచ్చి అబద్ధం చెల్లీ. ఏడుస్తూ చెయ్యి ఎక్కడ ఆగాలో తొమ్మిది రోజులు అద్దం ముందు సాధన చేశాను. ఇంకొకటుంది, వెట్రివేల్‌కు కూడా చెప్పలేదు. మొదటిసారి నవ్వు లేచినప్పుడే అమ్మ మొహం చూశాను. చూసి కూడా ఇంకోసారి అడిగాను, కాఫీ అందరికీ ఇచ్చినారా అని. ఆ నవ్వు నాకు ఇంకా కావాలనిపించింది.

అరియాంకుప్పం వాళ్ళు అదే నాటకం వేయమని పిలిచారు. రానన్నాను. ఇప్పుడు మంచివాణ్ణయి ఎవరికి లాభం?

నిన్న నాన్న సంవత్సరీకం జరిగింది. నీకు సెలవు దొరకకపోవడమే మంచిదైంది. ఆడవాళ్ళంతా అమ్మ చుట్టూ చేరారు. ఆమె కంట చెమ్మ లేదు. "ఏడువు వదినా, బరువు దిగుతుంది" అంది లోగనాయకి అత్త. అమ్మ నాన్న పటం వైపు చూసి, "దీపం..." అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

అమ్మ నోరు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

వంటింట్లో కాఫీ కాచి, గ్లాసుల్లో పోసి ఉంది. అమ్మ అడగలేదు, మాకెవరికీ తోచలేదు. వచ్చినవాళ్ళంతా కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు.

ఇట్లు,
ఊరందరినీ నవ్వించిన
నీ అన్న
పట్టాభి