నలభై ఒక్కమంది ఆరోగ్యవంతులు

జులై 14, మంగళవారం. ఆగ్నేయపు గాలి, మబ్బు. పొద్దున పెండలం విత్తనపు ముక్కలు కోసి బూడిద అద్దాను.

కలోలైనే అక్కకు,

ఆక్లాండ్ నుంచి నీ ఉత్తరం శుక్రవారం ఓడలో అందింది. అమ్మ కులాసాగానే ఉంది. చర్చి పాటలో ఇప్పటికీ అందరికంటే ముందు ఆమె గొంతే లేస్తుంది. పిల్లలు బాగున్నారు. నిన్ను ప్రొఫెసర్ చేశారన్న వార్త పాస్టరుగారు ఆదివారం చదివి వినిపించారు. అమ్మ ఏడ్చింది. నేను లేచి బయటికి వచ్చాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ అల్లే చాపలకు మొగలి ఆకు దొరుకుతోంది. మోసెసె అన్న సంగతి అడిగావు. మార్చిలో రాజధాని ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. మేలో పోయాడు. నువ్వు పనిలో ఉన్నావు, చెప్పవద్దని అమ్మ అంది. నర్సు పడవ నెలనెలా వస్తోందా అన్నావు. ఏడాదిగా మూడు నెలలకొకసారి వస్తోంది. వచ్చే జనవరి నుంచి అసలు రాదట. ఎందుకని నర్సు పిసిలాను అడిగాను.

"మీ దీవి మగవాళ్ళకు చక్కెర జబ్బు లేదని మీ అక్కే రాసిందిగా. ఆరోగ్యశాఖ ఆఫీసులో ఆ పుస్తకం బల్ల మీదే ఉంటుంది. జబ్బు లేని చోటికి పడవ దేనికి అంటున్నారు" అంది.

ఆ పుస్తకం నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. చేపలు, పెండలం, బంధువుల ఆదరణ కలిసి మన మగవాళ్ళను కాపాడుతున్నాయని రాశావు. చక్కగా రాశావు. అందులో నిజం లేదు.

ఆ పుస్తకం కోసం నువ్వు చర్చి హాలులో చాప మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్న మొదటి రోజు గుర్తుందా? మొదట మోసెసె వచ్చాడు. చీము పట్టిన మడమకు గుడ్డ చుట్టుకుని, దాన్ని లుంగీ కింద దాచుకుని వచ్చాడు. పుళ్ళున్నాయా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, భార్యతో ఎలా ఉంటావు అని అడిగావట. చాప అంచు చూస్తూ అన్నిటికీ లేదన్నాడట. బయటికి వచ్చి, "ఆ గుమ్మం దాటితే చాలు, రోగాలన్నీ మాయం. మా చెల్లెలి చెయ్యి అలాంటిది" అన్నాడు. వరండాలో వాళ్ళంతా నవ్వారు.

అక్కచెల్లెళ్ళ ముందు ఒంటి సంగతి ఎత్తే మగవాడు మన దీవిలో ఉన్నాడా? అందరూ నీకు అన్నో తమ్ముడో అవుతారు. ఇది నీకు తెలియదని నేననుకోను. పరాయి మగవాణ్ణి ఎవరినైనా పంపవలసింది. నీకు ఐదు రోజులే ఉన్నాయి, కాగితాలు నిండాలి. నిండాయి.

ఇన్నాళ్ళూ రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. ముసలి సేమీసి లోపలికి వెళుతూ నన్ను అడిగాడు. "ఒరేయ్ ఫిలిమోనె, నిజం చెప్పమంటావా?"

"మా అక్కను సిగ్గుపడేలా చెయ్యకు. మోసెసె చెప్పినట్టే చెప్పు" అన్నాను.

తలుపు దగ్గర నిలబడి మిగతా అందరికీ అదే చెప్పాను. చివర నలభై ఒకటోవాడిగా నేనూ నీకు అదే చెప్పాను. నీ మర్యాద నిలబెట్టానని ఆ ఐదో రోజు సాయంత్రం సంతోషంగా భోజనం చేశాను.

ఎవరికి ఎప్పుడు పుండు లేచిందో, ఎవరు ఎన్నాళ్ళు తోటకు రాలేకపోయారో పదకొండేళ్ళ లెక్క నా దినచర్య పుస్తకాల్లో ఉంది. వాటిని ఈ ఓడలోనే పంపుతున్నాను. అక్టోబరులో రెండో పుస్తకానికి వస్తున్నానని, మగవాళ్ళను సిద్ధం చెయ్యమని రాశావు. చెయ్యను. ముందు ఆఫీసుకు రాయి. మొదటి పుస్తకం తప్పని నీ పేరు పెట్టి రాయి. నా పేరు కూడా పెట్టు. నీ పదవికి ఏమవుతుందో నాకు తెలియదు. పడవ ఆగితే ఏమవుతుందో తెలుసు.

నా ఎడమ కాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. తమ్ముడు అక్కకు చెప్పకూడని మాటే, చెప్పేశాను. శుక్రవారం రాజధాని ఆసుపత్రికి వెళుతున్నాను. చేపల బేరానికని అమ్మతో చెప్పాను. ఆమె నమ్మలేదు, అడగనూ లేదు.

ఇట్లు,
నీ పుస్తకంలో ఏ జబ్బూ లేని
నీ తమ్ముడు
ఫిలిమోనె