ఓట్స్‌లో తోడు

ఏమయ్యా, నీ బిడ్డ స్వప్న ఈ రోజు మొదటిసారి డ్యూటీకి వెళ్ళింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీ. ఆరింటికే బస్సు. ఖాళీ కడుపుతో పోతుందేమోనని నాకు నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. నువ్వు ఆ రోజు సద్దన్నం కలిపి పెడితే ముట్టకుండానే గడ్డపోతారం ఫ్యాక్టరీ బస్సెక్కావు. ప్రాణాలతో మళ్ళీ ఇల్లు చేరలేదు.

"పరేషాన్ గాకమ్మా, రాత్రే నానబెడితే పొద్దుగాల పొయ్యి ముట్టించుడే లేదు," అంటూ నిన్న రాత్రి స్వప్న రెండు సీసాల్లో ఓట్స్, పాలు పోసింది. ఒకదానిలో మామిడిపండు ముక్కలు, ఇంకోదానిలో ఖర్జూరం, పైన బాదం పలుకులు. ఫ్రిజ్‌లో పెట్టమని నాకు చెప్పి పడుకుంది.

ఉడకని గింజ కడుపులో ఏం చేస్తుందోనని నాకు భయం. పైగా, తోడు వేయకుండా పాలను తెల్లవార్లూ ఉంచొద్దని మీ అమ్మ నేర్పింది. రెండింటిలోనూ చెంచాడు మజ్జిగ వేసి పొయ్యి పక్కన పెట్టాను.

పొద్దున మామిడిపండు సీసాలోంచి ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏం గలిపినవమ్మా?"

"జెర తోడేసిన. పారెయ్యకు బిడ్డా, ఒక్క ముద్దన్న తిను."

"బాపు సద్ది లెక్కనే ఉన్నది," అంది. ఉల్లిగడ్డ అడిగింది. మామిడిపండుతో ఉల్లిగడ్డ! సీసా అడుగు దాకా గీకి తిని బస్సెక్కింది.

చేరినట్టు ఫోన్ ఇంకా రాలేదు. నువ్వు ముట్టని ఆ సద్ది గిన్నెను ఇన్నేళ్ళూ నేను వాడలేదు. ఇప్పుడే అటక మీద నుంచి దించి తోమాను. సాయంత్రం బిడ్డ ఇల్లు చేరాక, రేపటి ఓట్స్ అందులో తోడు వేస్తాను.